కొలిమికి గాలి

మాక్లూర్‌లో ఒక ఇంటి వెనక, పాత లారీ బ్రేక్ డ్రమ్ముతో చేసిన కొలిమి ముందు ఒకాయన కూర్చున్నాడు. ఆయన భార్య చనిపోయింది; ఆమె తమ్ముడు బోధన్ నుంచి వచ్చాడు.

"బావా, గిది అక్క జుట్టు ఆరబెట్టుకునే మిషన్ గదా! కొలిమికి ఇంకా దీంతోనే గాలి కొడుతున్నవా?"

"పెట్టెల పడి ఉంటే ఏం లాభం?"

"కాలిపోతే?"

"కాలనియ్యి."

"గట్లంటవనే నిజామాబాద్‌ల పాత సామాన్ల దుకాణంల చేతితోని తిప్పే పంకా తెచ్చిన. గిది పెట్టుకో."

"వద్దు."

"ఎందుకు?"

"ఆ మిషన్ ఆన్ చేస్తే ముందుగాల మీ అక్క తలనూనె వాసన వస్తది. తర్వాతనే బొగ్గు వాసన."

"ఇయ్యాల వచ్చిందా?"

"నిన్నటికన్న తక్కువ."

"మరి దాస్కో బావా, వాసన ఉండంగనే."

"ఒక చేత పటుకారు, ఒక చేత సుత్తి. నీ పంకా తిప్పెతందుకు నాకు మూడో చెయ్యి ఉన్నదా?"

"నేను తిప్పుత."

"రోజూ బోధన్ నుంచి వస్తవా?"

"వస్త. నాకు ఒక కొడవలి చేసియ్యి."

"నువ్వు తిప్పితే కొడవలి కాదు, వంకర మేకు అయితది."

ఆయన మిషన్ వైరు పీకి, దాన్ని తువ్వాలలో చుట్టాడు.

"తిప్పు మరి. మీ అక్క లెక్కనే ముచ్చట్లు జాస్తి నీకు."