జడ్జిగారి కోసం హిందీ

దేశ రాజధానిలోని ద్వారకలో ఒక సొసైటీ ఫ్లాట్. విడాకుల కేసు నడుస్తున్న భార్యాభర్తలు వంటింట్లో ఉన్నారు.

“మత్ మారో ప్రవల్లికా! ప్లీజ్, మత్ మారో!”

“కొట్టొద్దా? మిమ్మల్ని నేను కొట్టడమేంటండీ? నా జుట్టు మీ గుప్పిట్లో ఉంటేనూ!”

“ఛురీ నీచే రఖో. బైఠ్‌కే బాత్ కర్తే హై.”

“చాకేంటి? నా చేతిలో గరిటె కూడా లేదు. వదలండి... అమ్మా! గోడకేసి కొట్టకండీ!”

“హే భగవాన్! కిత్నా ఖూన్!”

“ఆ నెత్తురు నాది! కంట్లోకి కారుతోంది... ఆగండాగండి. ‘ఒసేయ్’ తప్ప పేరెరగని నోటికి ఇవాళ ప్రవల్లిక గుర్తొచ్చిందా? ఏనాడైనా ఇంట్లో హిందీ మాట్లాడారా మీరు? ఓహో... జేబులో ఫోనుంది కదూ?”

“కౌన్‌సా ఫోన్?”

“రికార్డవుతోంది కదూ! మొగుడూ పెళ్ళాల మాటలు దొంగచాటుగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యమేనని సుప్రీం కోర్టు చెప్పిందిగా. ప్రైవసీ హక్కు దానికి అడ్డు కాదని టీవీలో వస్తుంటే మీరు ముసిముసి నవ్వులు నవ్వారు. ఎందుకా అనుకున్నా. జడ్జిగారికి తెలుగు రాదనా ఈ హిందీ?”

“పాగల్ హో క్యా? మేరీ బేటీకో ముఝ్‌సే మత్ ఛీనో!”

“అదీ సంగతి! నేను కొట్టే తల్లినని చెప్పి మనమ్మాయి స్నిగ్ధని లాక్కుపోతారా? చేసేది మీరు, పడేది నేను, రాక్షసిని కూడా నేనేనా?”

“ధీరే బోలో, ధీరే...”

“మెల్లగా ఎందుకూ? నాకూ వచ్చు హిందీ. జడ్జ్ సాబ్, సునియే! మేరే పతి కిరీటి ముఝే మార్ రహే...”

“నోర్ముయ్యవే! ఛీ, పాడు చేశావు. ఇదిగో ఆపేశా. తుడిచేశా. పోయిందా? ఇప్పుడు చెప్పు, ఎవడు వింటాడో!”

“అబ్బా... కడుపులో తన్నకండీ, మీకు దణ్ణం పెడతా...”

“పెట్టు. నీ చెయ్యి విరగ్గొట్టింది నేనే. పన్ను రాలగొట్టింది నేనే. చెప్పుకో ఏ కోర్టులో చెప్పుకుంటావో! రేపు మళ్ళీ రికార్డు పెడతా. రేపు గనక నోరెత్తావో...”

“మెడ... ఏవండీ... ఊపిరి...”

“ఇలాగే పిసికేస్తా. అర్థమైందా?”

“మమ్మీ! పాపాకో మత్ మారో! మమ్మీ, మత్ మారో!”

“స్నిగ్ధా... తల్లీ... నేనా... నేను కొడుతున్నానా అమ్మా?”

“ఇప్పుడు కాదే! నేను పిలిచినప్పుడు కదా రమ్మన్నాను? పో లోపలికి!”

“నువ్వు నేర్పినట్టే అరిచాను కదా పాపా? అలా అరిస్తే మమ్మీని ఇంకెప్పుడూ కొట్టనన్నావు. మెడ వదులు మరి!”