శెనక్కాయల మూట ఎక్కిన గుర్రం

"అవ్వా, పాపకు ఊగే గుర్రం కొనుక్కొచ్చినా. నీ చిన్నప్పుడు ఇట్లాంటివి ఉండెనా?"

ఉండకేమి అమ్మీ. ఇది ప్లాస్టిక్కుది, మావి కొయ్యవి. మా నాయన ఎమ్మిగనూరులో ఎద్దులబండ్లు చేసే వడ్రంగి గదా. మా తాత కాలంలో పిల్లోల్లకు చక్రాల గుర్రమే, తాడు కట్టి లాగేది. ఊగేది మా నాయన మొదలుపెట్టినాడు. ఆదోనిలో ఏదో బంగళాకు తలుపులు బిగించేదానికి పోయి, తలుపులు కాదులే, కిటికీలు, ఆడ చూసి వచ్చినాడంట. బండిచక్రం అంచుకు కోసిన వంపు కొయ్యలు మిగిలేవి. వాటినే గుర్రం కాళ్ల కింద బిగించినాడు. తోకకు గోగునార.

ఒక్కొక్క గుర్రం అయినాక నన్ను ఎక్కించేవాడు. నాకు ఏడో ఎనిమిదో ఏండ్లు. నేను ముందుకు వంగి, వెనక్కి వాలి, యాడ తూలుతాదో చెప్తే ఆడ చెక్కేవాడు.

ఆదోని పత్తి సావుకారు ఒకాయన మనవనికి చేయమన్యాడు. "ఏమప్పా, ఆడపిల్లను మాత్రం ఎక్కించొద్దు. మగపిల్లోడు ఎక్కేది" అన్యాడు. నాయన తల ఊపినాడు. నా బదులు శెనక్కాయల మూట కట్టి ఊపి చూసినాడు. మాయమ్మ బియ్యం చెరుగుతా, "మూట వంగుతాదా? మూటకు భయమైతాదా?" అనె. నాయన ఇన్లేదు. నేను రెండు దినాలు ఆయనతో మాట్లాడలేదు. గుర్రం మీద ఆశ అనుకున్యావా? కాదు, నా పని మూటకిచ్చినాడని.

తీసుకపోయిన వారానికే సావుకారు గుర్రాన్ని బండిలో ఏసుకొని వచ్చినాడు. మనవడు ముందుకు వంగితే బోర్లా పడినాడంట, పెదివి వాచిందంట. ఈ పొద్దే సరిచేయల్ల అన్యాడు. మా నాయన నాపక్క చూసినాడు, ఆయనపక్క చూసినాడు.

"సరిచేయల్లంటే నా కూతురు ఎక్కల్ల సావుకారూ. లేదంటే తీసుకపోండి, మీ అంగట్లో మూటలు ఎక్కుతాయి."

మాయమ్మ చేట ఆపింది. సావుకారు కుర్చీ తిప్పుకొని వీధిపక్క మొగం పెట్టుకున్యాడు. చూడకుంటే దోషం లేదేమో మరి.

నేనెక్కినా. రెండూపులకే తెలిసె, వంపు కొయ్య ముందరపక్క పొట్టి. "జానెడు పెంచు నాయనా" అంటి, వీధంతా ఇనేట్టు. ఆ పొద్దే వేరే కొయ్య బిగించినాడు. అప్పటినుంచి ఎవురొచ్చి అడిగినా, "మా పాప ఎక్కి చూసినాక ఇస్తా" అనేవాడు.

దించొద్దు అమ్మీ, పాపను ఊగనీ. నూరేండ్లు సల్లగుండల్ల నా బంగారు. అది ఏమంటాదో ఇను. ఎటు తూలుతాందో దానికి తెలిసినంత నీకు తెల్దు...