చివర బిగించిన పాటల డబ్బా

ఆ డబ్బా అక్కడ బిగిస్తున్నావేంట్రా? కాదు, ముందు ఆ స్క్రూ కింద పెట్టు. పెట్టమంటుంటే. నీ బోటే, ఎవడు కాదన్నాడు. రంగులేసుకునే ముసలాడికి కేబిన్ లోపలి సంగతులెందుకని అనుకుంటున్నావు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. మీ తాత కూడా అచ్చం ఇలాగే చూసేవాడు నన్ను. నోటితో ఏమీ అనడు, ఆ కనుబొమ్మ ఒకటి పైకి లేపుతాడు, అంతే, మనం బ్రష్షు పట్టుకుని మర్యాదగా బయటికి నడవాలి. ఏంటి, ఫోన్లో దారి చూపిస్తుందా? చూపించనీ. మరి ఆ కంపాసు ఎందుకు కొన్నావు, అందానికా? సరే జరుగు, ఆ చెక్కపెట్టె ఇటు లాగు, కూర్చోవాలి నేను. ఈ మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాలాకాలమైంది. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ నోరు విప్పనని మీ తాతకి మాటిచ్చాను. ఇప్పుడు ఆవిడా పోయింది. రేపు నేనూ పోతే నీకు చెప్పేవాడు ఇంకెవడూ ఉండడు, కాబట్టి చెప్తున్నాను, విను.

నీకు మీ తాత గుర్తుంటే మంచం మీదే గుర్తుండి ఉంటాడు, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. నేను చెప్పేది అంతకుముందు మనిషి సంగతి. నాకు బావ, మా అక్క మొగుడు. రేవులో అందరూ ఆయన్ని డాక్టరు అనేవాళ్ళు. చదువుకుని కాదులే. ఆయన దగ్గర పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చుట్టూ ఎవరూ దగ్గకూడదు. కాసేపయ్యాక కళ్ళు తెరిచి, దీనికి గుండె గట్టిదేరా, ఊపిరే సరిగ్గా ఆడట్లేదు అనేవాడు. మా అక్క దెప్పుతూ ఉండేది, ఇంజన్లు గుసగుసలాడినా వినబడతాయి ఈయనకి, నేను నెత్తీ నోరూ కొట్టుకుని అరిచినా వినబడదు అని. పాపం అక్క తొందరగా పోయింది. ఇంట్లో మీ తాతా, మీ నాన్నా మిగిలారు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు, ఇంజన్ల గురించి తప్ప. ఆ ఇంట్లోకి మీ అమ్మ వచ్చాకే మళ్ళీ మాటా పలుకూ వచ్చింది.

అప్పుడు వాళ్ళకున్నది పాత బోటు. ఎంత పాతదంటే, వేట కన్నా నీళ్ళు తోడుకోవడమే ఎక్కువ. మీ అమ్మ రోజూ ఒడ్డుకొచ్చి నిలబడేది. ఒకరోజు ఎదురుగా మావగారితో అనేసింది, ఆ బోటు మీద ఆయన్ని పంపినంతకాలం నాకు ముద్ద దిగదు మామయ్యా అని. అప్పటికి నువ్వు కడుపులో ఉన్నావు. మీ తాత ఏమన్నాడో తెలుసా? "కొత్తది కట్టిస్తానమ్మా. దాని మీద వెళ్తే నీ మొగుడు మన అరుగు మీద కూర్చున్నట్టే అనుకో." నేను అక్కడే ఉన్నాను, విన్నాను. ఆ మాట ఇచ్చి ఉండకపోతే ఎంత బాగుండేదిరా.

ఇక మొదలైంది. ఆ బోటు తయారైన తీరు చూస్తే నీకు నవ్వొచ్చేది. పలకల సందుల్లో నూలు కుక్కి, తారు పూసి, మళ్ళీ గోటితో గీకి చూసేవాడు. వడ్రంగి చేసిన చుక్కాని మూడుసార్లు వెనక్కి పంపాడు. వడ్రంగి నా దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు, మీ బావ బోటు కట్టిస్తున్నాడా, గడియారం చేయిస్తున్నాడా అని. ఒడ్డున ఉండగా ఇంజనూ షాఫ్టూ తిన్నగా కూర్చోబెట్టాడా, బోటు నీళ్ళలోకి దించాక మళ్ళీ మొత్తం విప్పించాడు. ఎందుకు బావా అంటే, చెక్క ఒడ్డున ఒక రకంగా ఉంటుంది, నీళ్ళలో సర్దుకుంటుంది, ఒడ్డున కుదిరింది నీళ్ళలో కుదరదురా అన్నాడు. నిజమే, కాస్త తేడా వచ్చింది. మళ్ళీ సరిచేశాడు. అడుగున బరువుకి వేసిన రాళ్ళు అటు రెండు, ఇటు ఒకటి జరిపి, దిగి దూరంగా వెళ్ళి, ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ ఎక్కి జరిపేవాడు. ఇంజను స్టార్టు చెయ్యగానే స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు. కళ్ళు తెరిచి నవ్వాడు. మా అక్క పోయాక ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం అదే మొదలు. కంపాసు కూడా అంతే, ఊరికే బిగించలేదు. బోటుని దీపస్తంభానికి ఎదురుగా నిలబెట్టి చూశాడు, రేవు గోడకి పక్కగా నిలబెట్టి చూశాడు, తిప్పి తిప్పి చూశాడు. ముల్లు చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇక అయిపోయిందిరా, నీ రంగు ఆరడమే మిగిలింది అన్నాడు నాతో.

రంగు ఆరుతుండగా వచ్చింది మీ అమ్మ. చేతిలో ఇదిగో, ఇలాంటిదే, పాటల డబ్బా. అప్పట్లో ఇవి ఇంతేసి ఉండేవి, ఎత్తితే చెయ్యి లాగేది. వల లాగి లాగి అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు ఆయనకి కునుకు పడుతుంది మామయ్యా, చెయ్యి చాపితే అందేలా స్టీరింగు దగ్గరే పెట్టండి, పాట వింటుంటే మెలకువగా ఉంటారు అంది. మీ తాత పొంగిపోయాడు. కోడలు నోరు తెరిచి ఒకటి అడిగింది కదా. కంపాసు వెనకాల పలకకి, సరిగ్గా నువ్విప్పుడు పట్టుకున్న చోటే, ఆయనే స్వయంగా బిగించాడు. ఒక్కటి గమనించు. అన్నీ చూశాక బిగించాడు. బిగించాక మళ్ళీ చూడలేదు. అంతేరా. అంతకుమించి ఏమీ లేదు.

వెలుతురున్న రోజుల్లో కంపాసు ఎవడు చూస్తాడు? దీపస్తంభం కనబడుతుంది, గుట్ట కనబడుతుంది, తిన్నగా ఇంటికొచ్చేస్తారు. కొన్నాళ్ళు బంగారంలా నడిచింది. రేవంతా వచ్చి చూసిపోయేవాళ్ళు, డాక్టరు బోటు చప్పుడే వేరు అని. నువ్వు పుట్టావు. ఆ తర్వాత పొగమంచు పట్టింది ఒకరోజు. చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. మిగతా బోట్లన్నీ మెల్లిగా చేరాయి. డాక్టరు బోటు రాలేదు. అది రేవుకి ఇంత ఎడంగా, ఎవడూ పోని చోట, రాళ్ళ మీదకెక్కి ముక్కలైంది. మీ నాన్న, ఆయనతో ఉన్న ఇద్దరు వలవాళ్ళు పోయారు. వంటవాడొక్కడు పలక పట్టుకుని తేలాడు. వాడు చెప్తూనే ఉన్నాడు, ముల్లు చూసుకునే వచ్చామయ్యా, ఆయన పాట పాడుతూనే ఉన్నాడయ్యా అని. ఎవడు నమ్ముతాడు? పిచ్చోడు కూడా అటు పోడు కదా, ఆ రాళ్ళ వైపు. పోయిన యజమానిని వెనకేసుకొస్తున్నాడు, ఉప్పు తిన్నాడు కదా అన్నారు. కుర్రాడు నిద్రపోయాడు, ఇద్దరి కొంపలు ముంచాడు, అదే మాట. టీ కొట్లో అదే, ఐసు గోదాం దగ్గర అదే. బళ్ళో నిన్ను కూడా అన్నారట కదా, నిద్రపోతు కొడుకని? నువ్వు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన రోజు నాకు గుర్తుంది. ఆ రోజు కూడా మేము నోరు మూసుకునే ఉన్నాం.

మీ తాత ఏడవలేదు. దొరికిన ముక్కలన్నీ బండి మీద పెరట్లోకి తెప్పించాడు. ఇంజను విప్పాడు, బాగుంది. షాఫ్టు బాగుంది. చుక్కాని గొలుసు కూడా తెగలేదు. నా బోటులో ఏదో ఉందిరా, వాడు నిద్రపోయే మనిషి కాదు అనేవాడు. చివరికి పెరట్లో ఆ కేబిన్ ముందు పలక నిలబెట్టి, ఒక్కొక్కటీ ఎక్కడ ఉండేదో అక్కడే బిగించడం మొదలుపెట్టాడు. నేను పలక పట్టుకుని నిలబడ్డాను. బావకి మతి పోయిందనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే. స్టీరింగు, దీపం, కంపాసు. ముల్లు ఉత్తరం చూపిస్తోంది, రాయిలా కదలకుండా. చివర పాటల డబ్బా తీశాడు. ఉప్పునీళ్ళలో నానిపోయి ఎప్పుడో మూగబోయింది అది. పలక దగ్గరికి తెచ్చాడు. ముల్లు తిరిగింది. మెల్లిగా, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు. డబ్బా వెనక్కి తీశాడు, ముల్లు మళ్ళీ ఉత్తరానికి వచ్చింది. దగ్గరికి తెచ్చాడు, పోయింది. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది కదరా. పాట మోగినా, మోగకపోయినా దాని పని అది చేస్తుంది. మీ తాత చేతిలో ఆ డబ్బా అలాగే ఉండిపోయింది. "వాడు నిద్రపోలేదురా" అన్నాడు. సంతోషంగానే అన్నాడు. నేను ఇప్పటికీ తట్టుకోలేనిది అదే.

ఆ మధ్యాహ్నమే బయల్దేరాడు. ఒక చేతిలో కంపాసు, ఒక చంకలో డబ్బా. గడప గడపకీ తిరిగాడు. అరుగు మీద కంపాసు పెట్టడం, డబ్బా దగ్గరికి జరపడం, చూడండమ్మా, నేనే చంపాను, నా కొడుకు తప్పు లేదు, తిట్టండి నన్ను అనడం. ఒక్కళ్ళూ తిట్టలేదురా. పోయిన వలవాడి పెళ్ళాం లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది, తాగి ఇంటికెళ్ళు పెద్దయ్యా అంది. బోట్ల సంఘం పెద్ద భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి, "కొడుకు మీద మాట పడకూడదని ఏ తండ్రికైనా ఉంటుంది డాక్టరూ, మాకు తెలీదా" అన్నాడు. జాలి! అందరికీ జాలే! ముల్లు కళ్ళముందు గిర్రున తిరుగుతోంది, ఒక్కడూ ముల్లుని చూడడు, ఈయన మొహం చూస్తాడు. ముసలాడిని బాధపెట్టడం ఇష్టం లేక చచ్చినవాడి మీదే ఉంచేశారు తప్పు. నేను వెనకాలే తిరిగాను, అవును నేనూ చూశాను అన్నాను. బావమరిదివి కదా, నువ్వు అలాగే అంటావులే అన్నారు.

పొద్దు వాలుతుంటే ఇంటికొచ్చాం. పోనీలేరా, కోడలి మనసైనా కుదుటపడుతుంది అన్నాడు. మీ అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది, నువ్వు ఒళ్ళో నిద్రపోతున్నావు. ఎదురుగా నేల మీద పెట్టాడు కంపాసు. నీ మొగుడు నిద్రపోలేదమ్మా, ఇదిగో చూడు అని డబ్బా జరిపాడు. అందరిలో ఆవిడొక్కతే ముల్లుని చూసింది. అటు పోయింది, ఇటు వచ్చింది, చూస్తూనే ఉంది. తర్వాత అడిగింది.

"అక్కడ పెట్టమన్నది నేనే కదా మామయ్యా?"

అంతేరా, ఆ ఒక్క మాటే. మధ్యాహ్నంనుంచి ఊరంతా తిరిగాడే, ఆ సంగతే ఆయనకి తట్టలేదు. తన తప్పు, తన తప్పు అనుకుంటూ, పెట్టమని అడిగిందెవరో మర్చిపోయాడు. మీ తాత మొహంలో రక్తం లేదు. డబ్బా లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. ఇది ఆ డబ్బా కాదులే అమ్మా అన్నాడు. బోటులో ఉన్నదానికి ఇంత పెద్ద అయస్కాంతం లేదు, ఇది వేరే, ఏదో ఆశ కొద్దీ చూపించాను, పిచ్చి పట్టింది నాకు అన్నాడు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. అప్పుడు ఆయన గోడవైపు తిరిగి, "అందరూ చెప్పిందే నిజమమ్మా. వాడు నిద్రే పోయి ఉంటాడు" అన్నాడు.

తన నోటితో తనే అన్నాడురా, కొడుకుని. పక్కనే ఉన్నాను నేను. మర్నాటినుంచి ఎవరడిగినా అదే చెప్పాడు. డాక్టరుకి ఇప్పటికి బుద్ధి కుదిరింది అని ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ స్క్రూడ్రైవరు నాకిచ్చేశాడు, రంగు డబ్బాల మూతలు తీసుకోరా అని. మళ్ళీ ఏ ఇంజను దగ్గరా చెవి పెట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు, అలాగే పోయాడు. నేనొక్కడినే లోపల దాచుకుని తిరిగాను, మీ అమ్మ నమ్మింది కదా, అదే పదివేలు అనుకుంటూ.

ఏంటి? నమ్మిందా అనా? నమ్మిందనే అనుకున్నాను చాలా ఏళ్ళు. నువ్వే చెప్పు. మీ ఇంట్లో ఎప్పుడైనా పాట మోగిందా? నువ్వు పెద్దయ్యాక సంబరంగా ఒక చిన్న రేడియో తెస్తే ఏం చేసింది మీ అమ్మ? ఆ. పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది కదా, తలనొప్పి అని. జీవితమంతా ఒక్క మాట అనకుండా వండి పెట్టింది ఆ ముసలాయనకి, నమ్మినట్టే. ఆయనా నమ్మించినట్టే తిన్నాడు.

ఎందుకురా అలా మొహం తిప్పుకుంటావు. తియ్యి, ఆ డబ్బా అక్కణ్ణుంచి తియ్యి. బయట ఎక్కడైనా వెనకాల పెట్టుకో, దూరంగా. పెట్టాక కంపాసు మళ్ళీ చూడు. వెలుతురు పోతోంది, నాకు పై అంచు ఇంకా ఒక పూత వెయ్యాలి. నీలమే కదా అన్నావు? ఆ మూత తియ్యి. స్క్రూడ్రైవరు నా సంచిలో ఉంది చూడు, పొడుగుది.