ఎవర్నీ అడగని బోర్డు

టీ కొట్టు బెంచీ మీద ఇద్దరి చోటు ఒక్కడే ఆక్రమించి కూర్చున్న పెద్దమనిషి, ఖాళీ గ్లాసు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. సంగతి అర్థమై కొట్టాయన స్టవ్ మంట తగ్గించాడు. ఈయనకి అతను పెట్టుకున్న పేరు బోర్డాయన. మొదలుపెట్టాడంటే బస్సు వచ్చేదాకా ఆగడు. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

"నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు. అడిగారు కాబట్టి చెప్తున్నాను," అన్నాడు బోర్డాయన. ఎవరూ అడగలేదు. "అదిగో, ఆ బోర్డుంది చూశారా? దాని ప్రోగ్రాం రాసింది నేనే."

అందరూ తలెత్తి చూశారు. స్టాపు కప్పు కింద వేలాడుతున్న నల్లటి బోర్డు మీద ఎర్రటి అక్షరాలు వెలుగుతున్నాయి. బస్సు 8 నిమిషాల్లో.

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ నర్సు కూడా చూసింది. ఆ బోర్డంటే ఆమెకి ఒళ్ళుమంట. ఊరవతల ఆసుపత్రికి ఈ బస్సు ఒక్కటే దిక్కు. ఈ మధ్య రెండుసార్లు ఆలస్యమైంది. రెండుసార్లూ బోర్డు బస్సు వచ్చి వెళ్ళిందంది, రోడ్డు మీద బస్సు జాడ లేదు. హెడ్ నర్సు ఫోన్లో ఆ బోర్డు లెక్కే తెరిచి చూసి, "బస్సు వేళకే వచ్చిందిగా, నిద్ర లేవలేక బస్సు మీద నెపం వేస్తున్నావు" అని అందరి ముందూ కడిగేసింది. ఇంకోసారి ఆలస్యమైతే ఉద్యోగం ఉండదంది. అక్కడ రాత్రి డ్యూటీ చేసే నర్సు పాలు తాగే బిడ్డని ఇంట్లో వదిలి వస్తుంది. తను వెళితేగాని ఆవిడ కదలడానికి లేదు. అందుకే ఇవాళ చాలా ముందుగా వచ్చి నిలబడింది. ఒక్క అబద్ధమూ ఆడకుండా అబద్ధాలకోరు అనిపించుకోవడం ఆమెకి ఇంకా మండుతూనే ఉంది.

"మా ఆఫీసులో ఒక చాదస్తం ఉంది," అన్నాడు బోర్డాయన. "ఏ ప్రోగ్రాం రాసినా మూడు ముక్కలు చెయ్యాలట. అసలు సంగతి తెలిసినది మోడల్. ఆ సంగతి జనానికి చూపించేది వ్యూ. వచ్చిన కబురు విని ఎవరికి ఏ పని చెప్పాలో చెప్పేది కంట్రోలర్. బస్సు ఎక్కడుందో మోడల్ కనుక్కుంటూ ఉండాలి. బోర్డు వట్టి వ్యూ కాబట్టి దానికి సొంత బుర్ర ఉండకూడదు, చెప్పింది చూపించి నోరు మూసుకోవాలి. నా బోర్డు నోరు మూసుకోవాలట, విన్నారా?"

"అన్యాయమే," అన్నాడు దర్జీ తాత, ఒళ్ళోని బట్టల మూట సర్దుకుంటూ.

"అందుకని నేనేం చేశానో తెలుసా? మూడూ కలిపి బోర్డులోనే పెట్టేశాను. బస్సు డిపో దాటిందని ఒక్క మాట చెప్తే చాలు. అక్కణ్ణుంచి అదే లెక్కపెట్టుకుంటూ పోతుంది. దార్లో ఎవర్నీ అడగదు."

"దార్లో బస్సు ఆగిపోతే?" అంది నర్సు.

"ఎందుకాగుతుందమ్మా? నా బోర్డు లెక్కపెడుతుంటే ఆగే ధైర్యం ఏ బస్సుకుంది? మొదటి రోజే ఒక డ్రైవరు దార్లో బస్సాపి, దిగి సిగరెట్టు వెలిగించాడు. ఇక్కడ బోర్డు రెండు నిమిషాలంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సు దానంతటదే కదిలింది. డ్రైవరు వెనకాలే పరిగెత్తుకుంటూ స్టాపుదాకా వచ్చాడు."

"సిగరెట్టు?" అన్నాడు తాత.

"ఆరలేదు. అదే వింత." బోర్డాయన బెంచీ మీద ఇంకాస్త వెనక్కి జరిగాడు. "అది మొదలు. నెల తిరక్కుండా బస్సులకి భయం పట్టుకుని బయల్దేరకముందే రావడం మొదలెట్టాయి. అక్కడ డిపోలో బస్సు కడుగుతున్నారు, ఇక్కడ జనం అదే బస్సులో కూర్చుని టిక్కెట్లు తీసుకుంటున్నారు. దిగినవాళ్ళందరికీ తలలు తడిసిపోయి ఉన్నాయి. జలుబు మందులు అమ్ముకున్నవాళ్ళు మేడలు కట్టారు."

కొట్టాయన నవ్వు దాచుకోవడానికి గిన్నె వైపు వంగాడు. నర్సుకి నవ్వు రాలేదు. బోర్డు మీద నాలుగు, రోడ్డు మీద ఒక కుక్క.

"ఇదే చాలా గొప్పనుకుంటున్నారా? ఒకసారి చెయ్యి జారి, అసలు లేని బస్సు నంబరొకటి బోర్డులో పడింది. తెల్లారేసరికి ఆ బస్సు పుట్టింది. సీట్లు, అద్దాలు, డ్రైవరుతో సహా. వారం తిరక్కుండా ఆ డ్రైవరు పెళ్ళి కుదిరిందని సెలవడిగాడు. ఏ ఊరు బాబూ నీది అని పిల్ల తండ్రి అడిగితే, తీసుకొచ్చి నా బోర్డు చూపించాడట."

"పిల్లనిచ్చారా?"

"ఇవ్వకేం. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఆ బస్సులోనే బడికెళ్తాడు."

బోర్డు కిర్రుమంది. బస్సు వచ్చింది, అని వెలిగింది. అందరూ రోడ్డు వైపు తిరిగారు. రోడ్డు ఖాళీగా ఉంది. కుక్క కూడా వెళ్ళిపోయింది. కాసేపటికి అక్షరాలు మారాయి. బస్సు వెళ్ళింది. తరువాతి బస్సు 25 నిమిషాల్లో.

నర్సు గడియారం చూసుకుంది. మళ్ళీ అదే. ఈ క్షణాన హెడ్ నర్సు ఫోన్ తెరిస్తే, బస్సు వేళకి వచ్చి వెళ్ళినట్టే కనిపిస్తుంది.

"వచ్చి వెళ్ళిందట," అన్నాడు తాత మెల్లగా.

"వచ్చింది, వెళ్ళింది. మీరు చూసుకోలేదు."

"మరి మీరెందుకు ఎక్కలేదండీ?" అన్నాడు కొట్టాయన.

"నేను మాటల్లో ఉన్నాను," అన్నాడు బోర్డాయన తడుముకోకుండా. "బస్సు సంగతెందుకు, సూర్యుడి సంగతి వినండి. వాతావరణం ఆఫీసువాళ్ళు నా దగ్గరికొచ్చి, మీ బోర్డు కింద కాస్త చోటిస్తే పొద్దుపొడుపు వేసుకుంటామని బతిమాలారు. సరే పొమ్మన్నాను. ఓ రోజు నాకు జ్వరమొచ్చింది. బోర్డు ఆన్ చేసే దిక్కు లేదు. మధ్యాహ్నమైనా తెల్లారలేదు. కోళ్ళు చూసీ చూసీ విసుగొచ్చి మళ్ళీ పడుకున్నాయి. చివరికి నేనే దుప్పటి కప్పుకుని వచ్చి మీట నొక్కితే, పాపం ఆయన ఆయాసపడుతూ పైకొచ్చాడు."

చెప్పి, ఒక్కసారిగా మొహం ఎర్రగా చేసుకున్నాడు. లేచి నిలబడి, రోడ్డుకి వీపు పెట్టి అందరి వైపూ వేలు ఆడించాడు.

"సూర్యుడంతటివాడు లెక్కచేసిన బోర్డుని ఇవాళ పీకేస్తారట. నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి నాకు పై అధికారి. బోర్డుకి బుర్ర తీసెయ్యాలి, బస్సునే అడిగి చెప్పే మోడల్ వేరే పెట్టాలి అంటుంది. ఇవాళ మీటింగు. నేను వెళ్ళి దులిపేస్తే బోర్డు ఇలాగే ఉంటుంది. వెళ్ళకపోతే సాయంత్రానికల్లా మూడు ముక్కలు చేసేస్తుంది. ఇదంతా ఎవరి వల్లో తెలుసా? ఎవతో నర్సట. బోర్డు అబద్ధాలాడుతోందని ఫోన్ చేసింది. పొద్దున్నే లేవడం చేతకాని బద్ధకం మనిషి, నా బోర్డుని అబద్ధాలకోరంటుందా?"

ఆ ఫోన్ చేసిన నర్సుకి అరికాలి మంట నెత్తికెక్కింది. యూనిఫాం మీద వేసుకున్న స్వెటర్ గుండీలు ఒక్కొక్కటే విప్పింది. ఆయన గమనించే స్థితిలో లేడు.

"వెళ్ళిందని చెప్పిన బస్సు రాకపోతే, ఇక్కడ నిలబడ్డ మనుషుల గతేమిటి సార్?" అంది.

"మనుషులెక్కడ మిగిలారమ్మా? నా లెక్క తీసి చూడు. ఈ స్టాపులో ఏ రోజూ ఒక్క మనిషి మిగిలిపోలేదు. బస్సు వెళ్ళిందని బోర్డు అన్నాక, స్టాపులో ఉన్నవాళ్ళంతా ఎక్కి వెళ్ళినట్టే."

"మరి మేమెవరం నాయనా?" అన్నాడు తాత.

"లెక్కలో లేరు."

మూల మలుపులో హారన్ మోగింది. దుమ్ము కొట్టుకుని, ఒక పక్కకి ఒరుగుతూ, అసలు బస్సు వస్తోంది. తాత మూట ఎత్తుకున్నాడు.

"బాబూ, బస్సు."

బోర్డాయన వెనక్కి తిరగలేదు. "అది బస్సు కాదు తాతా. బోర్డు ఇంకా ఇరవై రెండంటోంది."

ఇక ఎవరూ వాదించలేదు. బస్సు ఆగింది. తాత ఎక్కాడు, ఆయన వెనక మిగిలినవాళ్ళు ఎక్కారు. నర్సు అందరికంటే చివర ఎక్కి మెట్టు మీద నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఇది కదిలితే డ్యూటీ అందుతుంది, రాత్రి డ్యూటీ నర్సు తన బిడ్డ దగ్గరికి వెళుతుంది.

కొట్టాయన తప్ప ఎదురుగా వినేవాళ్ళు ఒక్కరూ మిగలకపోయేసరికి బోర్డాయన వెనక్కి తిరిగాడు. బస్సుని చూశాడు. బోర్డుని చూశాడు. మళ్ళీ బస్సుని చూసి, బెంచీ కింది సంచీ లాక్కుని, "ఆపండి, ఆపండి, మీటింగుంది" అంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు డ్రైవరు. బోర్డు వచ్చిందన్న బస్సు రాలేదని ప్రతి స్టాపులోనూ జనం చేత తిట్లు తింటున్నవాడు అతనే.

నర్సు బోర్డాయన మొహంలోకి చూసింది. ఆయన ఆమె తెల్ల యూనిఫాంని అప్పుడు చూశాడు.

"ఎవరూ లేరన్నా," అంది. "ఈ సారు ఇందాకటి బస్సులోనే వెళ్ళిపోయారు. కావాలంటే బోర్డు చూడు."

డ్రైవరు తల బయటికి పెట్టి బోర్డు చూశాడు. చూసి, తలుపు వేశాడు.