చొక్కాకి అంటిన సున్నం

మ్యాచ్ నుంచి వచ్చిన భర్త గొంతు మామూలుగా ఉండటంతో ఆవిడకు అనుమానమొచ్చింది.

"నిజం చెప్పండి, ఎక్కడికెళ్లారు?"

"ఫుట్‌బాల్‌కే. చిన్నప్పుడు గోడెక్కి చూసిన రోజుల్నుంచీ మన జట్టు ఆట ఒక్కటైనా మానానా?"

"గెలిచినా ఓడినా అరిచి అరిచి గొంతు పోగొట్టుకొచ్చే మనిషి! ఇవాళేమైంది?"

"మనవాళ్లు గోల్ కొట్టారు. నాకు నోరు రాలేదు."

"నా చెవిలో పువ్వులు పెట్టకండి. ఆ చొక్కాకి సున్నమేంటి?"

"గోడెక్కాను."

"ఈ వయసులోనా! టికెట్ కొనుక్కోడానికేమొచ్చింది?"

"లోపల మనమ్మాయి కూర్చునుంది. గడప తొక్కొద్దన్న నోటితో ఎలా పలకరించను? అవతలి జట్టు గోల్‌కీపర్ దాని కొడుకే. గోల్ పడగానే ముఖం కప్పుకున్నాడు."

ఆవిడ ఆయన చొక్కాకి అంటిన సున్నం దులిపింది.

"వచ్చేసారి నన్నూ ఎక్కించండి."