మీసాల మచ్చకన్నె

ఒసే ఉషా, నమ్మితే నమ్ము, నేకపోతే మానెయ్. గంగులు మావ కొత్త బోటు మీద నానేసిన బొమ్మకి జనాలు పనులు మానేసి రేవులో నిలబడిపోయారు. ఫొటో పంపుతన్నాను, నెట్ తిరుగుతంది, ఆగు.

నీకేటి, శృంగవరపుకోట హాస్టల్లో ఫ్యాన్ కింద తొంగున్నావు. నాను వలల పాక ఎనకాల నక్కి టైప్ సేస్తన్నాను.

మావే అన్నాడే, "బోటు ముందర మచ్చకన్నెని ఎయ్యి, నీ సెయ్యి మంచిది" అని. ఏసాను. నడుం కింద సేప తోక. ఎనిమిది సేతులు, సేతికో పీత. జడలో కనకాంబరాలు. మూతి మీద మీసం. కోరమీసం కాదులే, ఇప్పుడిప్పుడే మొలుస్తన్నట్టు సన్నంగా.

మావ కొడుకు రమేష్‌బాబు గాడు పళ్లికిలించి, "ఇదేటే, ఆడా మగా?" అన్నాడు. "సముద్రంలోకెళ్లి అడుగు" అన్నాను.

అసలు తంటా అమ్మమ్మతో వచ్చింది. కొత్త బోటు నీళ్లలో దిగే ముందు బొమ్మకి పసుపు రాసి సీర కడతారు గదా. సీర పట్టుకుని వచ్చింది, మీసం సూసింది, ఆగిపోయింది. తిట్టనేదు. తిట్టినా బావుణ్ణు. సీర ఒళ్లో ఎట్టుకుని ఇసకలో కూకుండిపోయింది. సీర కట్టని బోటు ఎవలెక్కుతారు? కలాసీలు నలుగురూ మేం ఎక్కమనేశారు.

మావ అరవనేదే. తెల్ల రంగు డబ్బా నా సేతిలో ఎట్టి, "మీసం ఒక్కటీ సెరిపెయ్యి తల్లీ, పొద్దు వాలకముందే దిగిపోవాల" అన్నాడు. తల్లీ అంట. అక్కడ కాలింది నాకు.

ఒక్క గీతే గదా అంటావు. అవునే, ఒక్క గీతే. అది తీసేస్తే అమ్మోరు. పువ్వులు తీసేస్తే మావలాటి మగోడు. రెండూ ఉంటేనే... నువ్వేటి టైప్ సేస్తన్నావు, నన్ను సెప్పనీ ముందు.

అది మచ్చకన్నె కాదే. గంగమ్మా కాదు. బీరువా అద్దం ముందు కాటుకతో మీసం దిద్దుకుని, అద్దంలో సూసి కాయితం మీద గీసుకున్నాను. అదే బోటెక్కించాను. అది నాను. ఆడపిల్లనీ కాను, మగోణ్నీ కాను. నీకు తప్ప ఎవలికీ సెప్పనేదు. మాటలు మానేస్తే మానెయ్, నవ్వకు మాత్రం.

ఇంకోటి. తెల్ల రంగు మొత్తం ఇసకలో ఒంపేసాను.

మావ కేకేస్తన్నాడు, "ఎంకీ, రంగు ఆరిందేటే" అని. పోతన్నా