వన్నూరమ్మ చెప్పులకి జత కుదిరిన కథ

వన్నూరమ్మ అని ఒక పిల్ల ఉండె అనుకో. దిగువ వీధి గంగులప్ప కూతురు. చిన్నప్పుడు జరమొచ్చి మంచాన పడిందంట. లేచినాక ఒళ్లంతా పెరిగింది గానీ ఎడమ పాదం మాత్రం నేను రాను పొమ్మని ఆడనే నిలిచిపోయింది. కుడిది పెద్దమనిషి పాదం, ఎడమది పసిపిల్ల పాదం. అట్లని నడవలేదా అంటే నడుస్తుంది, బిందె మోస్తుంది, చెనక్కాయ చేన్లో కలుపు తీసేదానికి దిగితే ఎవరికీ అందదు. చెప్పుల కాడ వచ్చింది తంటా. మనిషికి రెండు కాళ్లూ ఒకటే కొలత అని ఆ చెప్పుల కంపెనీవోడు యాడనో కూర్చొని తీర్మానం చేసేసినాడు. మనల్ని అడిగినాడా? అడగడు. లాభం ఎక్కువ మంది కాళ్లని చూస్తుంది గానీ ఒక మనిషి కాలిని చూస్తుందా! సరే, వన్నూరమ్మ ఏం చేసేదంటే, కుడికాలికి సరిపోయే జత కొనుక్కొని ఎడమ చెప్పులోకి గుడ్డలు కుక్కి, పావడా అంచు కిందికి లాక్కొని నడిచేది. ఇంట్లో బువ్వ లేదని అయినా చెప్పుతుందేమో గానీ ఆ గుడ్డల సంగతి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

ఏమైందంటే, ఆ తూరి పంచాయతీ ప్రెసిడెంటు పదవి ఆడోళ్లకి వచ్చింది. అప్పటిదాకా శేషప్ప ప్రెసిడెంటు, శేషప్పకి ముందు వాళ్ల నాయన ప్రెసిడెంటు. ఈసారి కోడల్ని నిలబెట్టినాడు. దిగువ వీధోళ్లంతా ఒక మాట మీదికొచ్చి, చదువుకున్న పిల్ల, భయం లేని పిల్ల అని వన్నూరమ్మని నిలబెట్టినారు. ఓట్లు అడిగేదానికి పోతావుంటే శేషప్ప అరుగు వచ్చింది. మీకు తెలుసు గదా, ఆ అరుగు కాడికి రాగానే దిగువ వీధోళ్లు చెప్పులిడిసి చేత పట్టుకుంటారు. చట్టం లేదు, బోర్డు లేదు, ఎవరూ చెప్పరు. తాత వంగినాడు, నాయన వంగినాడు, మనకీ చెయ్యి దానంతట అదే కిందికి పోతుంది. బానిసతనం మెడలో ఉండదప్పా, నడుములో ఉంటుంది! వన్నూరమ్మ కూడా అందరి మాదిరే వంగింది. వంగి ఎడమ చెప్పు లాగితే లోపల కుక్కిన గుడ్డపేలికలన్నీ అరుగు ముందర రాలినాయి. పచ్చ గుడ్డ, ఎర్ర గుడ్డ, పాత రైక ముక్క. శేషప్ప వక్కాకు నములుతా చూసి, "ఏమ్మా, ఒక జత చెప్పులు సక్కంగా నిలబెట్టుకోలేనిదానివి, ఊరిని యాడ నిలబెడతావు?" అన్నాడు. అరుగు మీదోళ్లంతా నవ్వినారు. పిల్ల ఆ పేలికలు ఏరుకొని ఒళ్లో కట్టుకొని పోయింది.

గెలిచింది. గెలవడం గెలిచింది గానీ, ఇంట్లో కూర్చొని ఏమంటుంది? ప్రమాణం చేసేదానికి నేను పోను, కావాలంటే కాగితం ఇంటికి తెమ్మనండి సంతకం పెడతా అనింది. దిగువ వీధి నుంచి పంచాయతీ ఆఫీసుకి దావ ఒకటే, శేషప్ప అరుగు ముందర నుంచే. వాళ్ల మేనత్త సుంకులమ్మ ఉండాదే, పశువుల సంత జరిగే పరసలో ఎద్దుల బేరం మొగోళ్ల కంటే బాగా చేసే మనిషి, ఆమె వచ్చి, "ఏమే వన్నూరీ, జనం ఓటేసింది నీ కాళ్లకి కాదే, నీకు" అనింది. "నిజమే అత్తా. కానీ ఆ అరుగు ముందర నడిచేది నా కాళ్లే గదా" అని ఏడ్చింది పిల్ల. ఆ మాటకి సుంకులమ్మ లేచి వీధిలోకి పోయి ఆడోళ్లని కేకేసిందంట.

అప్పుడు దిగువ వీధి ఆడోళ్లు తలా ఇంత వేసుకొని, బెంగళూరులో దొరకని చెప్పు ఉండదంట, తీసుకొని పో అని అత్తనీ మేనకోడల్నీ బస్సెక్కించినారు. బెంగళూరు చూసినోళ్లు చెయ్యెత్తండి. ఆ, ఇద్దరే. సరే వినండి. గాజుతో కట్టిన అంగడంట, అంగడి లోపల అంగళ్లంట, ఒకదాని మీద ఒకటి. ఆ గాజు మోసిందెవరు, ఆ బండలు పరిచిందెవరు? మన తట్టోళ్లే, వానల్లేని ఏడాది గంపెత్తుకొని పోయినోళ్లే. కట్టినోడు వాకిట్లో కూడా నిలబడకూడదు, కొనేవోడికి తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఇదేనప్పా నాగరికత! లోపలికి పోతే ముందు గుడ్డల అంగడి. మోకాలి కాడ చిరిగిన ప్యాంటు తగిలిచ్చి ఉండారు. సుంకులమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "వన్నూరీ, మనం చిరిగితే కుట్టుకుంటాం, వీళ్లు కుట్టి మరీ చింపుకుంటారు. మీ మామ పాతవి తెచ్చినా బేరమయ్యేది" అనింది. పిల్ల ఊరు దాటినాక నవ్వింది ఆడనే.

చెప్పుల అంగడికి పోయినారు. పోతానే సుంకులమ్మ నోరు తెరిచి నిలబడిపోయింది. ఏంటికంటే, గోడ నిండా అరలు, అరకొక చెప్పు, దానిమీద ఒక దీపం. ఒక చెప్పే! జత లేదు. యాడ చూసినా ఒంటి చెప్పే. బయట ఒకటి చూపెట్టి రెండోది లోపల అట్టపెట్టెలో దాచి పెడతారని మనకేం తెలుసు? మన సంతలో జతకి దారం కట్టి దండేనికి వేలాడదీస్తారు గదా. సుంకులమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకొని, "చూడే! ఈడ ఒంటి చెప్పులే అమ్ముతారు! నీ మాదిరి మనుషులు ఈ ఊర్లో ఎంతమంది ఉండారో, నువ్వే ఉత్త పుణ్యానికి ఇన్నేండ్లు ఏడ్చినావు" అనింది. వన్నూరమ్మకి ఆ దీపాలన్నీ తనకోసమే పెట్టినట్టు అనిపించిందంట. నీలం రంగువి, తళతళలాడేవి, మడమ కింద పుల్ల మాదిరి ఉండేవి, అన్నీ చూసుకుంటా పోయి ఒక దాని కాడ నిలబడింది. ఎర్రమట్టి రంగు తోలు, చీలమండ చుట్టూ బెల్టు, బెల్టుకి చిన్న ఇత్తడి బకిలు. చేతికి తీసుకుంటే కోడిపిల్ల మాదిరి బరువే లేదు. ఆడ పనిచేసే పిల్లోడిని పిలిచి, "ఇది కుడికాలికి పెద్దది ఒకటి, ఎడమకాలికి చిన్నది ఒకటి ఇయ్యన్నా" అనింది. వాడు మొదట అర్థం కాక, అర్థమైనాక పాపం అనుకొని, "అట్ల ఇయ్యరక్కా, జత విడదీయకూడదు. ఒకే కొలతయితేనే బిల్లు పడుతుంది" అన్నాడు. మంచి పిల్లోడే, మన పక్కోడే, వాడి చేతిలో ఏముంది! రెండు జతలు కొంటే కుదురుతుంది అన్నాడు. ఆ ధరకి ఒక జతే ఎక్కువ, రెండు యాడ నుంచి వస్తాయి? వన్నూరమ్మ ఆ చెప్పుని దీపం కింద దాని తావులో పెట్టేసి, అత్తా పోదాం పా అనింది.

ఈడ సుంకులమ్మ చేసిన పని చూడండి. మనలో ఒంటెద్దు రైతు ఏం చేస్తాడు? ఒక ఎద్దుతో సేద్యం సాగదు గదా. ఏడ్చుకుంటా కూర్చుంటాడా? కూర్చోడు. ఇంకో ఒంటెద్దు రైతుని వెతుక్కుంటాడు. ఇద్దరూ జత కట్టుకొని నీ చేను ఒక పూట, నా చేను ఒక పూట దున్నుకుంటారు. దానికి పరసలో ఎత్తైన తావు చూసుకొని గట్టిగా అరిచి అడగాల. సుంకులమ్మకి తెలిసిన దావ అదొక్కటే. కొనేవాళ్లు కూర్చునే మెత్తటి పీట ఉంటే దానిమీదికి ఎక్కింది. ఎక్కి, కొంగు నడుముకి దోపి, "అమ్మల్లారా! అక్కల్లారా! మా పిల్లకి ఎడమకాలు చిన్నది, కుడికాలు పెద్దది. మీలో ఎవరికన్నా ఎడమది పెద్దది, కుడిది చిన్నది ఉంటే ముందుకి రాండి! రెండు జతలు కొని మార్చుకుందాం, సగం మీది సగం మాది!" అని అరిచింది. అంగట్లో ఉండేవాళ్లంతా తల తిప్పి చూసినారు. మేనేజరు పరిగెత్తుకుంటా వచ్చి, "అమ్మా, దిగండి, ఈడ అరవకూడదు" అన్నాడు. "ఏంటికి నాయనా, నీ అంగట్లో నోరుకి కూడా కొలత ఉండాదా?" అనింది ఆమె. వన్నూరమ్మకి భూమి పగిలితే దిగిపోదామని ఉండాది. జీవితమంతా పావడా కింద దాచుకున్న రహస్యాన్ని ఆ అత్త బెంగళూరుకంతా దండోరా వేసేసింది. సెక్యూరిటీవోడు వచ్చి సుంకులమ్మ చెయ్యి పట్టుకోబోయినాడు.

అప్పుడు మూల నుంచి ఒక గొంతు, "ఆమెని ముట్టుకోవద్దండి" అనింది. చూస్తే ఒక పెద్దామె. పట్టుచీర, తల నెరిసింది, కండ్లజోడు. ముందర రెండు అట్టపెట్టెలు పెట్టుకొని కూర్చొని ఉంది. చిన్నంగా లేచి వచ్చి వన్నూరమ్మ పక్కన నిలబడి చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తింది. ఎడమ పాదం పెద్దది. కుడిది చిన్నది. నిజ్జంగా! ఏయ్, నవ్వుతారేంది, కథ కాబట్టి అనుకుంటాండారా? అంత పెద్ద ఊర్లో ఉండరా? ఉంటారు. అడిగినోళ్లే లేరు. ఆమె పేరు పంకజాక్షి, పుట్టింది చింతామణి పక్కన, ఇంట్లో తెలుగే. "పెండ్లయినప్పటి నుంచి చెప్పులు కొనేదానికి ఒక్కదాన్నే వస్తానమ్మా. రెండు కొలతల్లో రెండు జతలు కొంటా, ఎవరికో అని అబద్ధం చెప్తా. మా ఆయనకి కూడా ఈ పాదం వెలుతురులో చూపించలేదు. మీ అత్త అరుస్తావుంటే నన్నే పేరు పెట్టి పిలిచినట్టయింది" అనింది. అని ఏడ్చిందో నవ్విందో తెలియదు, రెండూ అయ్యుంటాయి. నాలుగు కాళ్లు ఆ తివాసీ మీద పక్కపక్కన పెట్టుకొని చూసుకున్నారంట. పెద్దది పెద్దదానికి, చిన్నది చిన్నదానికి, అచ్చం జత. వన్నూరమ్మ పుట్టినాక మొదటిసారి పావడా అంచు తనంతట తానే ఎత్తి పట్టుకొని నిలబడింది.

ఎర్రమట్టి రంగు చెప్పులు రెండు జతలు తీసుకొని సగం సగం వేసుకొని మార్చుకున్నారు. అంతటితో అయిపోలేదు. పంకజాక్షమ్మ ఉన్నట్టుండి నెత్తిన చెయ్యి పెట్టుకొని, "అయ్యో పాపా, మా ఇంటికి రా! కొన్నప్పుడల్లా మిగిలిపోయినవన్నీ అటక మీద ఉండాయి. ఎడమది చిన్నది, కుడిది పెద్దది. ఒక్కటీ తొడగలేదు. పారేసేదానికి చేతులు రాలేదు" అనింది. ఇన్నేండ్లుగా ఎవరివో తెలియకుండా ఆమె దాచిపెట్టింది వన్నూరమ్మ చెప్పులంట! కానీ వన్నూరమ్మ మొహం ముడుచుకుంది. "దానం వద్దమ్మా" అనింది. చదువుకున్న పిల్ల గదా, పేదోళ్లకి కావాల్సింది జాలి కాదు, హక్కు అని నాలుగు పుస్తకాలు చదివింది. పెద్దామె కోపం తెచ్చుకోలేదు. "దానమేంది? నీవి నా ఇంట్లో ఉండాయి, వచ్చి తీసుకొని పో అంటాండా" అనింది. సుంకులమ్మ మధ్యలో దూరి, "ఒంటెద్దు సేద్యంలో దానం ఉండదే, వంతు ఉంటుంది. ఈమె ఇన్నేండ్లు నీ వంతు కూడా ఒక్కతే మోసింది. ఇంగమీద నువ్వు మొయ్యి" అనింది. అట్ల ఒప్పందమైంది. ఇంగ ఎప్పుడు చెప్పులు కొన్నా ఇద్దరూ కలిసి కొనాల, ఒకరికి తెలియకుండా ఒకరు కొనకూడదు అని. వన్నూరమ్మ వంగి ఆమె కాళ్లకి మొక్కబోతే, "ఆ కాళ్లు నీయి కూడా గదే, లెయ్యి" అని లేపి కావిలించుకుంది. నేను డబ్బున్నోళ్లని తిట్టకుండా ఒక పూట బువ్వ తినను, మీకు తెలుసు. ఈ యమ్మని తిట్టేదానికి మాత్రం నోరు రాలేదు. ఆమె ఇల్లు చల్లగా ఉండాల. అంతమాత్రాన మిగతావాళ్లని తిట్టడం మానేస్తానని అనుకోవద్దండి.

ఇంగ ప్రమాణం రోజు. ఎర్రమట్టి రంగు చెప్పులు, బెల్టు బిగించి, తెల్ల చీర కట్టుకొని వన్నూరమ్మ నడుస్తాంది. వెనకాల దిగువ వీధి ఆడోళ్లంతా. గుడ్డ లేదు, జారడం లేదు, అడుగేస్తే నేల తిరిగి పలుకుతాంది. అరుగు వచ్చింది. శేషప్ప ఉండాడు, వక్కాకు ఉండాది. ఏమైందంటే, ఇంత చేసి, ఇంత దూరం పోయొచ్చి, ఆ అరుగు ముందరికి రాగానే ఆ పిల్ల నడుము వంగింది! తాత వంగిన వంపు యాడ పోతుంది? చెయ్యి చెప్పుల కాడికి పోయింది. వెనకాల వాళ్లు కూడా వంగినారు, వాళ్లవి హవాయి చెప్పులు, ఇట్టే వచ్చేసినాయి. వన్నూరమ్మది రాలేదు. బకిలు ఉండాది గదా! లాగుతుంది, రాదు. ముల్లు తిప్పుతుంది, రాదు. కొత్త తోలు, గట్టిగా పట్టుకొని కూర్చుంది. అరుగు మీదోళ్లు చూస్తాండారు, వీధి చూస్తాంది. ఆ బకిలు పీకుతా పీకుతా ఉంటే పిల్లకి ఒక్కసారిగా తోచిందంట, అవునూ, నేను దీన్ని ఏంటికి ఇప్పుతాండా? ఎవరు ఇప్పమన్నారు? చెయ్యి ఆగిపోయింది. వంగిన మనిషి నిదానంగా లేచి నిలబడింది. శేషప్ప కండ్లలోకి చూసి, "బాగున్నావా పెద్దయ్యా?" అని మర్యాదగా అడిగి, టక్కు టక్కుమని నడిచి పోయింది. వెనకాల ఆడోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేతిలో ఉన్న చెప్పులు కింద పడేసి, కాళ్లు దూర్చి, ఆ పిల్ల వెనకాలే పోయినారు. ఆ చప్పుడు, అబ్బా, ఆ చప్పుడు విన్నోళ్లని అడగండి! ఎన్ని జిందాబాద్‌లు కలిపితే అంత చప్పుడవుతుంది?

ప్రమాణం చేసినాక వన్నూరమ్మ మైకు పట్టుకొని ముందు దిగువ వీధి ఆడోళ్లకి, తర్వాత సుంకులమ్మత్త నోటికి, తర్వాత బెంగళూరులో ఉండే తన ఇంకో రెండు కాళ్లకి దండం పెట్టింది. ఆఫీసరుకి ఆ చివరి మాట అర్థం కాలేదంట, అయినా చప్పట్లు కొట్టినాడు. అదీ కథ. పోరాటమంటే జెండా పట్టుకొని వస్తుందని నేనూ అనుకున్నా. ఇత్తడి బకిలు పట్టుకొని వచ్చింది, వచ్చింది గదా, దండం పెట్టుకుందాం. శేషప్పా? ఆయనకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులంట, అందుకే అరుగు మీద కూర్చోవడం మానేసినాడంట. మోకాళ్లు నొప్పులైతే కూర్చోవాల గానీ, కూర్చోవడం మానేసేదేందో నాకైతే తెలియదు. డాక్టరుని అడగాల.